ఒక్క గొంతుతో పాడమన్న పాట

హెల్మ్స్‌రోడ పట్టణంలో కాంటరు అంటే ఏమిటని అడిగితే ఊరివాళ్ళు వెంటనే చెప్పేవారు కారు. ముందు నవ్వేవారు, తర్వాత కాస్త జాలిపడేవారు, ఆ తర్వాత చెప్పేవారు. చర్చికి పాట కట్టాలి. కట్టిన పాటను బడిపిల్లలకు నేర్పాలి. మేడ మీద ఆర్గన్ పక్కన నిలబడి దాన్ని పాడించాలి. మిగిలిన పొద్దంతా అదే పిల్లలకు లాటిన్ విభక్తులు వల్లె వేయించాలి. ఎవరైనా పోతే పిల్లల్ని వెంటబెట్టుకుని శవపేటిక ముందు పాడుతూ నడవాలి. ఇన్నీ చేసేవాడు కాంటరు. ఇందులో ఏదీ సరిగ్గా చెయ్యడం లేదని చెప్పే హక్కు ఊళ్ళో ప్రతివాడికీ ఉంటుంది.

ఆ ఉద్యోగంలో చాలాకాలం బతికినవాడు ట్రౌగొట్ ఏలర్ట్. నార బట్టలు నేసే ఇంట పుట్టాడు. గొంతు బాగుందని లాటిన్ బడివాళ్ళు చేర్చుకుని ఉచితంగా భోజనం పెట్టారు. మీసాలొచ్చే వయసులో గొంతు పగిలింది, దానితోపాటే భోజనమూ ఆగింది. అప్పుడు వయొలిన్ నేర్చాడు, ఆర్గన్ నేర్చాడు, పాట కట్టడం నేర్చాడు. ఆకలి ఉన్నవాడికి విద్య తొందరగా అబ్బుతుందని పెద్దలంటారు. పెద్దలకు భోజనం వేళకు అందుతుంది కనుక నిశ్చింతగా అంటారు. హెల్మ్స్‌రోడలో పాత కాంటరు పోయినప్పుడు ఉద్యోగానికి ఇద్దరే వచ్చారు. రెండోవాడికి నత్తి. ఊరి పెద్దలు చాలాసేపు ఆలోచించి ఏలర్ట్‌ను ఎంచుకున్నారు.

ఆదివారం తప్పకుండా వస్తుందన్న భయం తప్ప ఏలర్ట్ సంగీతానికి వేరే ప్రేరణ లేదు. వారం వారం ఒక పాట. అచ్చయినది ఒక్కటీ లేదు. పాడిన కాగితాలు బడి అటక మీదికి చేరేవి. ఊళ్ళో ఆయన సంగీతాన్ని పూర్తిగా జీర్ణించుకున్నవి ఆ అటక మీది ఎలుకలే. అయినా పనితనం ఉన్న మనిషి. ప్రతి పాటనూ పై గొంతు, రెండో గొంతు, మూడో గొంతు, అడుగు గొంతు అని నాలుగు గొంతులు తలా ఒక వరసలో ఒకేసారి పాడేట్టు కట్టేవాడు. సంతోషానికి బాకాలు, బాకాలు ఊదేవాడు తాగి ఉంటే ఫిడేళ్ళు. దుఃఖం కావాలంటే అడుగు గొంతును మెట్టు మెట్టుగా కిందికి దింపడం, పై గొంతులో రెండేసి స్వరాల్ని నిట్టూర్పుల్లా జతచెయ్యడం. ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమదినాలు రాగానే ఆ దుఃఖాన్ని వండి వడ్డించేవాడు, చర్చిలో ఆడవాళ్ళు ఏడ్చేవారు. మేడ మీద ఆయన మాత్రం మూడో గొంతువాళ్ళు తాళం తప్పారా లేదా అని చూసుకునేవాడు.

నేర్పడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. టైము లేక పుట్టిన పద్ధతి. పిల్లవాడు బడిలో చేరగానే గొంతు విని, నువ్వు పై గొంతు, నువ్వు రెండో గొంతు అని విడదీసి గదిలో ఒక్కో మూలకు తోలేసేవాడు. ఎవరి వరస వాళ్ళకే నేర్పేవాడు. పక్కవాడి వరస చెవిన పడితే నీది చెడుతుందని, ఒక చెవిలో వేలు పెట్టుకోమనేవాడు. గొంతు పగిలిన పిల్లలు మూడో గొంతుకో అడుగు గొంతుకో మారాలి. పై గొంతువాళ్ళను తప్పక మార్చి, పాతది పూర్తిగా మరిచిపోయేదాకా కొత్త వరస వల్లె వేయించేవాడు. మిగిలినవాళ్ళకు కూడా మళ్ళీ నేర్పే ఓపిక ఎవరికుంది? రెండో గొంతువాడు మీసాలొచ్చాక కూడా అదే వరసను ఒక స్థాయి కిందికి దించి పాడుకునేవాడు. ఏలర్ట్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అలా ఊళ్ళో సగం మంది మగవాళ్ళు, తోళ్ళు పదును చేసేవాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు, చక్రాలు చేసేవాళ్ళు, తలా ఒక పాటలో పావు వంతు తెలిసినవాళ్ళుగా తయారయ్యారు.

ఏలర్ట్ కాక, పెద్దవాళ్ళలో పాటల పై వరస తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే. ఆయన భార్య సిబిల్లా. ఆడవాళ్ళు మేడ ఎక్కి పాడే ఆచారం లేదు కనుక ఆమె వంటింట్లో పాడేది. ఏలర్ట్ కొత్త పాట కట్టగానే తలుపు దగ్గర నిలబడి పై గొంతు వరస అందించేవాడు. ఆమె క్యాబేజీ తరుగుతూ అందుకునేది. ఎక్కడ ఊపిరి అందక ఆగితే అక్కడ ఆయన దిద్దుకునేవాడు. "ఇంత పొడుగు వాక్యం రాస్తే పిల్లలు చస్తారండీ. మధ్యలో గుక్క తిప్పుకోనివ్వండి" అనేది. ఆయన సణుగుతూ గుక్క ఇచ్చేవాడు. హెల్మ్స్‌రోడ సంగీతంలో ఊపిరి ఆడిన చోటల్లా సిబిల్లా చలవే.

ఆ ఏడు శ్రమదినాలు మొదలయ్యాక డ్యూక్ దొరవారు పోయారు. ఆయన్ని ఊళ్ళో చూసినవాడు మెల్కియోర్ ఒక్కడే. తోళ్ళు పదును చేసే పనివాడు, బాగా లావు మనిషి, చిన్నప్పుడు ఏలర్ట్ దగ్గరే చదివాడు. అతను చూసింది కూడా వేటకు వెళ్తున్న దొరవారి వీపునే. అయినా రాజ్యం మొత్తానికి మైల పట్టింది. ఈస్టరు దాటాక వచ్చే పెంతెకొస్తు పండుగ దాకా అందరూ దుఃఖించాలని ఉత్తర్వు. రోజూ ఉదయం పూట గంటసేపు గంటలు. నల్లబట్ట అంగట్లో దొరకడం లేదు. ఆర్గన్‌కు తాళం. ఫిడేలు, బాకా, డోలు అన్నీ నిషేధం. చర్చిలో గానీ శ్మశానంలో గానీ రకరకాల గొంతులు కలిపి పాడరాదు. దైవభక్తి ఆపుకోలేనివారు ఒక్క గొంతుతో, ఒకే వరసలో పాడుకోవచ్చు. చర్చి పెద్దల సభ బాగా తర్కించి, నాలుగు గొంతులు సంతోషమనీ ఒక్క గొంతు దుఃఖమనీ తేల్చింది.

ఏలర్ట్‌కు ఆదివారాలు ఖాళీ అయ్యాయి. ఏం చెయ్యాలో తోచక పాతవి దిద్దుతూ కూర్చున్నాడు. సిబిల్లాకు జలుబు చేసింది. జలుబు ఛాతీలోకి దిగింది. వైద్యుడు నెత్తురు తీశాడు, మళ్ళీ తీశాడు, తీయడానికి ఇక ఏమీ లేదని తేలాక దేవుడి మీద భారం వేశాడు.

పోయే ముందు రోజు ఆమె మాట తేటగానే ఉంది. ఏలర్ట్ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్ళ పెళ్ళైన కొత్తలో ఆయనొక పాత శవయాత్ర పద్యానికి నాలుగు గొంతుల్లో వరస కట్టాడు. "కోటు విప్పి మేకుకు తగిలించాను, ప్రభువా, ఇక పిలువు" అని మొదలవుతుంది. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరు పోయినా బడి ఆ పాటే పాడుతోంది. ఊరివాళ్ళు పాడరు. వెనక నిశ్శబ్దంగా నడుస్తారు.

"ఆ పాట నాకు కావాలి" అంది సిబిల్లా.

అలాగే అన్నాడు ఏలర్ట్.

"ఒట్టి వరస కాదు. ఒట్టి వరస నేను గిన్నెల ముందు పాడీ పాడీ విసిగిపోయాను. కిందవన్నీ ఉండాలి. నాలుగూ."

దొరవారి ఉత్తర్వు సంగతి ఆయన నోటి చివరిదాకా వచ్చింది. మళ్ళీ అలాగే అన్నాడు. మర్నాడు పొద్దున ఆమె పోయింది.

ఏలర్ట్‌కు ఏమీ అనిపించలేదు. ఆ సంగతి ఆయనకే వింతగా తోచింది. ఎదురుచూస్తూ కూర్చున్నాడు. వృత్తిరీత్యా దుఃఖం ఎలా వస్తుందో తెలిసినవాడు, ముందు అడుగు గొంతు కదలాలి, తర్వాత నిట్టూర్పులు. ఏదీ కదల్లేదు. గడియారానికి కీ ఇచ్చాడు. బూట్లు తుడుచుకున్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, ఆచారం ప్రకారం అద్దం మీద గుడ్డ కప్పి, కిటికీ తెరిచి, ఆయన ముఖంలోకి తొంగి చూసి, అక్కడ ఏమీ కనబడక నిరాశగా వెళ్ళిపోయారు.

సిబిల్లా అక్క ఒట్టీలియా పక్క ఊరి నుంచి బండి కట్టించుకుని వచ్చింది. మాట పదునైన మనిషి. ముందు చెల్లెలి దగ్గర కూర్చుని కరువుదీరా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని మరిది సంగతి పట్టించుకుంది. పాట సంగతి సిబిల్లా ఆమెకూ కబురు చేసిందట. అడగాల్సిన చోట అడిగావా అని నిలదీసింది. ఏలర్ట్ టోపీ పెట్టుకుని పెద్ద పాస్టరు వోల్‌రాబ్ గారి దగ్గరికి వెళ్ళాడు.

వోల్‌రాబ్ చెడ్డవాడు కాదు. కీళ్ళవాతం మనిషి, కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సిబిల్లా గురించి నాలుగు మంచి మాటలు నిజంగానే అన్నాడు. సంగతి విన్నాక మాత్రం ఉత్తర్వు తీసి చదివాడు. ఏలర్ట్‌కు అది కంఠతా వచ్చు, అయినా విన్నాడు. పై ఊరి చర్చి పెద్దలకు చెవులు ఎక్కువనీ, పోయినవారం ఎక్కడో పల్లెలో పెళ్ళికి ఒక్క ఫిడేలు మోగితే ఆ పాస్టరుకు సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చిందనీ వోల్‌రాబ్ చెప్పాడు. దొరవారి సంతాపంలో ఒకరికి మినహాయింపు ఇస్తే, చావులన్నీ తమ తమ సంగీతాలతో బయల్దేరతాయన్నాడు.

"ఆ పద్యం పాడించండి, ఏలర్ట్ గారూ. నేను కాదన్ను. అందరూ పాడండి, మగవాళ్ళు కూడా పాడనీండి. ఒక్క వరసలో" అన్నాడు చివరికి. అది ఆయన దృష్టిలో పెద్ద మనసే.

"చిత్తం" అన్నాడు ఏలర్ట్.

బతుకంతా అదే అన్నాడు. బడి పైకప్పు కారుతున్నప్పుడూ అన్నాడు, ఈస్టరు పాట పొడుగైందని సగానికి కోయించినప్పుడూ అన్నాడు. నోటికి అలవాటైన మాట, పెద్ద కష్టపడకుండా వచ్చేసింది.

ఇంటికొచ్చి చెప్తే ఒట్టీలియా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అంతేనా? వంగి దణ్ణం పెట్టేసి వచ్చేశావా?"

"ఉత్తర్వు అలా ఉంది, వదినగారూ."

"ఉత్తర్వు దొర చావుకి మరిదీ, చెల్లి చావుకి కాదు. దొర పోతే ఆయన పెళ్ళాం ఏడుస్తుంది, నువ్వెందుకు ఆయన మైల మోస్తావు? చెల్లి నిన్ను ఒక్కటడిగింది. బతికినన్నాళ్ళూ ఇంకేమైనా అడిగిందా?"

ఏలర్ట్ ఆలోచించాడు. ఒకసారి కొత్త జల్లెడ అడిగింది. ఆ మాట పైకి అనకపోవడం మంచిదనిపించింది. వదినగారు చెప్పింది సబబే అనిపించింది. ఉత్తర్వు కూడా సబబే అనిపించింది. రెండూ ఎక్కడో దూరంగా, వేరే ఎవరి ఇంటిలోనో జరుగుతున్న తగాదాలా వినిపించాయి. బల్ల దగ్గర కూర్చుని, ఇచ్చిన మాట తప్పబోతున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటే ఏమైనా కదులుతుందేమోనని చూశాడు. కదల్లేదు.

మర్నాడు బడికెళ్ళి పిల్లలందరికీ పై గొంతు వరస ఒక్కటే చెప్పాడు. మగవాళ్ళకు మెల్కియోర్ ద్వారా కబురు పెట్టాడు. ఒకే వరస, అందరూ కలిసి, పాస్టరుగారి ఆజ్ఞ అని. మెల్కియోర్ తల గోక్కుని, ఏదో అడగబోయి, అయ్యవారి ముఖం చూసి అడగలేక వెళ్ళిపోయాడు.

అంత్యక్రియలు ఉదయం పూట. చలి విడవలేదు, దారంతా బురద. గంటలు మోగాయి గానీ దొరవారి గంటలు రోజూ మోగుతున్నవే కనుక తేడా ఎవరికీ తెలియలేదు. బడిపిల్లలు ముందు నడిచారు, నల్ల అంగీల్లో మగవాళ్ళు వెనక, ఆ వెనక ఆడవాళ్ళు. వోల్‌రాబ్ గారు కర్ర ఊతంతో కుంటుతూ నడిచాడు. కీళ్ళవాతంతోనే రావడం ఆయన గొప్పతనం అని అందరూ అనుకున్నారు, ఆయనా అనుకున్నాడు. మామూలుగా కాంటరు పిల్లల పక్కన నడవాలి, భర్త పేటిక వెనక నడవాలి. రెండూ ఒక్కడే అయినప్పుడు ఎక్కడ నడవాలో ఆచారం చెప్పలేదు. ఏలర్ట్ పిల్లల పక్కనే నడిచాడు. వెనక ఆడవాళ్ళు గుసగుసలాడారు.

గుంట దగ్గర పేటిక దించారు. వోల్‌రాబ్ ప్రార్థన చేశాడు. తర్వాత ఏలర్ట్ చెయ్యెత్తి దించాడు.

పిల్లలు అందుకున్నారు. సన్నటి వరస, ఒంటరిగా, వంటింట్లో వినబడేటంత పల్చగా మొదలైంది. "కోటు విప్పి" దగ్గర మగవాళ్ళు కలిశారు.

అక్కడే తేడా వచ్చింది. మెల్కియోర్ అడుగు గొంతులో దిగాడు. పక్కన రొట్టెలు కాల్చే అన్నదమ్ములు మూడో గొంతు ఎత్తుకున్నారు. చక్రాలు చేసే నడివయసు మనిషి చిన్నప్పుడు నేర్చిన రెండో గొంతు వరసను ఒక స్థాయి కిందికి దించి, కళ్ళు మూసుకుని, ఒక చెవిలో వేలు పెట్టుకుని సాగించాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు వేళ్ళు పెట్టుకున్నారు. ఎవరూ ఆజ్ఞ ధిక్కరించాలనుకోలేదు. అందరూ ఒకే వరస పాడుతున్నామనే అనుకున్నారు, ఎందుకంటే ఆ పాటకు ఎవడికి తెలిసిన వరస వాడికి ఒక్కటే. అదే వరస అనుకుని పుట్టి పెరిగారు. ఊరంతా కలిసి పాడే పాట అయితే పై వరస తెలిసేది. అది బడి పాట. చిన్నప్పుడు మూలల్లో నిలబెట్టి నేర్పింది మగవాళ్ళ గొంతుల్లో అలాగే ఉండిపోయింది.

నాలుగు గొంతులు లేచాయి. రెండో గొంతు నేలమాళిగలోకి దిగిపోవడంతో స్వరాలు కొన్ని చోట్ల తలకిందులయ్యాయి. అయినా నాలుగూ ఉన్నాయి.

ఏలర్ట్ చెయ్యి తనంతట అది తాళం వేస్తోంది. ఆయన వింటున్నాడు. ఏమీ అనిపించకపోయినా చెవులు వాటి పని అవి చేస్తున్నాయి. రొట్టెలవాళ్ళు ఒక స్వరం కింద ఉన్నారు. చక్రాలాయన గుక్క తిప్పుకోవాల్సిన చోట తిప్పుకోలేదు. మెల్కియోర్ బాగానే ఉన్నాడు.

మొదటి చరణం అయిపోయింది. మగవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఏదో తప్పు జరిగిందని అప్పుడే తెలిసింది. మెల్కియోర్ ముఖం కందిపోయింది.

"క్షమించండి అయ్యవారూ. ఒక్క వరసే పాడమన్నారు, పాడాను. నాకు తెలిసింది ఇదొక్కటే. మీరు నేర్పింది ఇదే" అన్నాడు.

అవునన్నట్టు మిగతావాళ్ళు తలలూపారు. పాట పై వరస విడిగా ఎలా ఉంటుందో మగవాళ్ళలో ఎవరికీ తెలియదని గుంట చుట్టూ తేలింది. ఎవరో ఒకడు పిల్లల్ని చూసి, "వీళ్ళేం పాడారు, బాగుంది" అని మెల్లిగా పక్కవాడిని అడిగాడు.

వోల్‌రాబ్ కర్ర మీద బరువు మార్చుకున్నాడు. మంచివాడు కనుక దారి వెతికాడు.

"ఇది పొరపాటున జరిగింది" అన్నాడు గట్టిగా, రేపు ఎవరైనా అడిగితే అందరూ సాక్ష్యం చెప్పేటట్టు. "తెలియక జరిగినదాన్ని పై వాళ్ళూ మన్నిస్తారు. మిగతా చరణాలు పిల్లలే పాడతారు. మగవాళ్ళు నిలబడండి. కానివ్వండి, ఏలర్ట్ గారూ."

ఏలర్ట్ నోటిలో చిత్తం అన్న మాట సిద్ధంగానే ఉంది. దాన్ని బయటికి రానివ్వాలా అని ఒక్క క్షణం చూశాడు. లోపల ఇంకా ఏమీ కదల్లేదు, ధైర్యం కూడా రాలేదు. ధైర్యం లేకుండానే, రోజూ చేసే పని చేసినట్టు, పిల్లల వైపు నుంచి మగవాళ్ళ వైపు తిరిగాడు.

"రొట్టెలన్నలూ, మీరు ఒక స్వరం కింద ఉన్నారు, పైకి రండి. చక్రాలన్నా, రెండో పాదం తర్వాత గుక్క తిప్పుకో. మెల్కియోర్, అలాగే కానీ. రెండో చరణం. అందరూ, మీ మీ వరసలే."

"ఏలర్ట్ గారూ" అన్నాడు వోల్‌రాబ్ చిన్నగా. "ఇప్పుడు పొరపాటు అని నేను చెప్పలేను. రాయాల్సి వస్తుంది."

"రాయండి, పాస్టరుగారూ" అన్నాడు ఏలర్ట్, చెయ్యెత్తాడు.

పాడారు. ఈసారి తెలిసి పాడారు కనుక కొంత భయంగా, కొంత గట్టిగా పాడారు. రెండో చరణం, మూడో చరణం, పద్యంలో ఎన్ని ఉంటే అన్నీ. వోల్‌రాబ్ నేల చూస్తూ నిలబడ్డాడు, వెళ్ళిపోలేదు. ఆడవాళ్ళలో ఏడుపు మొదలైంది. మగవాళ్ళలో కొందరు పాడలేక ఆగి, మళ్ళీ అందుకున్నారు. ఏలర్ట్ కళ్ళు పొడిగానే ఉన్నాయి. చివరి స్వరం దగ్గర చెయ్యి కాస్త ఎక్కువసేపు గాలిలో నిలిపాడు, అందరి ఊపిరీ అయిపోయేదాకా. తర్వాత దించాడు. మట్టి వేశారు.

ఇంటికొచ్చాక ఒట్టీలియా బీరుతో కాచిన చారు, రై రొట్టె ముందు పెట్టింది. వచ్చినవాళ్ళు తిని, నాలుగు మాటలు చెప్పి వెళ్ళారు. కాంటరుగారు రాయిలా నిలబడ్డారని వీధిలో చెప్పుకున్నారు. సొంత పెళ్ళాం గుంట దగ్గర కూడా శ్రుతులు దిద్దిన మనిషని ఆ తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజమే. మందలింపు కూడా వచ్చింది, వోల్‌రాబ్ మాట మీద నిలబడే మనిషి. మైల విడిచిన పెంతెకొస్తు నాటి పాట పాడించే పని పక్క ఊరి కాంటరుకు అప్పగించారు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఏలర్ట్ చెంచా పట్టుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉంది, వదినగారూ?" అని అడిగాడు. చారు సంగతి అనుకుని ఒట్టీలియా కుండలోకి చూసింది. తర్వాత అర్థమైంది.

"నాకేం తెలుస్తుంది మరిదీ, సంగీతం. అన్నీ వినబడ్డాయి. పైనా, కిందా, అన్నీ."

ఆయన తలూపాడు. మూడో చరణంలో మూడో గొంతు మళ్ళీ కిందికి జారిందని చెప్పాలనుకున్నాడు, ఆమె అడగలేదు కనుక చెప్పలేదు. ఒట్టీలియా రొట్టె ముక్క చారులో ముంచి ఆయన గిన్నెలో వేసింది. ఆయన తిన్నాడు. ఉప్పు వేసిందో లేదో ఆయనకు తెలియలేదు.